పాత ఫొటోలే బాగున్నాయనిపిస్తుంటే ఎదుగుదల గురించి ఏం రాయాలి?

నీ ప్రశ్న మొత్తం చదివేనమ్మా. తొమ్మిదో తరగతి, నరసాపురం పక్కన ఊరు, స్కూల్లో ఈ ఏడే ఫొటోగ్రఫీ క్లాస్ పెట్టేరు, ఇప్పుడు ఏడాది ఆఖర్లో మీ సార్ పది ఫొటోలు అతికించి "ఈ క్లాసులో నేనెలా ఎదిగాను" అని రెండు పేజీలు రాయమన్నారు. నువ్వేమో జూన్‌లో తీసిన పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద సూర్యాస్తమయం, కాలవలో కొబ్బరిచెట్ల నీడ, అంతర్వేది గోపురం చూసుకుంటే అవే బ్రహ్మాండంగా ఉన్నాయంటున్నావు. ఇప్పుడు జనవరిలో తీసినవి, అంటే అమ్మమ్మ లేసు అల్లుతుండగా తీసింది, పాలాయన సైకిల్, దాళ్వా ఊడ్పులు (రెండో పంటకి నాట్లు), ఇవన్నీ మామూలుగా ఉన్నాయి, కొన్ని మసగ్గా కూడా వచ్చేయి, స్టేటస్‌లో పెడితే పాతవాటికి వచ్చినన్ని లైకులు రాలేదు, మరి నేను ఎదిగినట్టా తగ్గినట్టా అని అడిగేవు.

ఎదిగినట్టే. ఊరికే నీ మనసు కష్టపెట్టుకోకూడదని చెప్పట్లేదు, నువ్వు రాసిన ప్రశ్నలోనే దానికి రుజువుంది, అదెక్కడుందో చూపిస్తాను. నేను గౌతమి గోదారి పక్కన చిన్న స్టూడియో నడుపుతాను, రీలు కెమెరాల కాలం నుంచి పెళ్ళిళ్ళు తీస్తున్నాను, వేసవి సెలవుల్లో పిల్లలకి కెమెరా పట్టుకోవడం నేర్పుతుంటాను, కాబట్టి ఇలాంటి ఫైళ్ళు దిద్దడం కూడా కాస్త అలవాటే.

ముందు ఆ సూర్యాస్తమయం సంగతి. సాయంత్రం సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నరసాపురం వైపు వస్తుంటే సూర్యుడు సరిగ్గా ఎదురుగా దిగుతాడు, కింద వశిష్ట గోదారి అంతా రాగిరంగు, మధ్యలో నల్లగా ఓ పడవ. అక్కడ ఎవరి చేతికి ఫోనిచ్చి నొక్కమన్నా సగం మంచి ఫొటో వస్తుంది. నీ ఫొటో బాగోలేదని కాదు, బాగుంది, దాన్ని ఫైల్లోంచి తీసెయ్యకు కూడా. కానీ అందులో నీ వాటా ఎంత, గోదారి వాటా ఎంత అని ఒకసారి లెక్క వేసుకో. ఎక్కడ నిలబడాలో పంటే నిర్ణయించింది, వెలుగు ఎంత పడాలో ఫోనే చూసుకుంది, రంగు ఆకాశం ఇచ్చింది. నువ్వు చేసిందల్లా జేబులోంచి ఫోన్ తియ్యడం. కాలవలో కొబ్బరిచెట్ల నీడా అంతే, మన డెల్టాలో పుట్టిన పిల్లలకి ఇది ఒక వరమూ ఒక ఇబ్బందీను, కళ్ళు తెరిస్తే క్యాలెండర్ బొమ్మలే కనపడతాయి కాబట్టి మొదటి నెలలోనే అందరికీ ఫొటోగ్రఫీ వచ్చేసినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు అమ్మమ్మ ఫొటో. నువ్వు ప్రశ్నలో ఎక్కడో మధ్యలో, పెద్ద విషయం కాదన్నట్టు ఒక మాట రాసేవు చూడు, "లోపల చీకటిగా ఉందని అమ్మమ్మని గుమ్మం దగ్గరకి జరిగి కూర్చోమన్నాను, అయినా దారం తెల్లగా పేలిపోయింది" అని. తల్లీ, నీ రెండు పేజీలకి కావలసిన సరుకంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది. జూన్‌లో నువ్వు ఎవరినీ జరగమనలేదు. సూర్యుణ్ణి జరగమనలేం అనుకో, కానీ నువ్వు కూడా జరగలేదు. ఇప్పుడు వెలుగు ఎటునుంచి వస్తోందో చూసేవు, మనిషిని వెలుగు దగ్గరకి తెచ్చేవు, తెచ్చేక కూడా ఏం తేడా వచ్చిందో గుర్తుపట్టేవు. పేలిపోయింది అన్న మాట జూన్‌లో నీ నోటెంట వచ్చేది కాదు, అప్పుడు తెల్లగా ఉంటే తెల్లగా ఉంది అని వదిలేసేదానివి.

ఆ దారం ఎందుకు పేలిపోయిందో చెప్తాను, ఇది అర్థమైతే నీ రాతలో ఒక పేరా గట్టిగా నిలబడుతుంది. కెమెరాకి అమ్మమ్మా తెలీదు లేసూ తెలీదు, ఎదురుగా ఉన్న మొత్తాన్ని సగటున ఒక మధ్యరకం బూడిదరంగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేములో ముప్పాతిక వంతు చీకటి గది ఉంటే "అబ్బో చాలా చీకటి" అనుకుని మొత్తం వెలుగు పెంచేస్తుంది, ఆ పెంచడంలో గుమ్మం వెలుగు సూటిగా పడుతున్న తెల్ల దారం కాస్తా అల్లిక గిల్లిక లేకుండా తెల్ల మచ్చ అయిపోతుంది. దీనికి తిరగేసింది నీళ్ళు పెట్టిన చేలో తెల్లకొంగల గుంపు, అక్కడ ఫ్రేమంతా తెలుపూ వెలుతురే కాబట్టి కెమెరా వెలుగు తగ్గించేసి కొంగల్ని మాసిన పంచెల్లా చూపిస్తుంది. పుష్యమాసం పొద్దున్న చేల మీద పొగమంచు తీసినా ఇదే గొడవ, మంచు బూడిదలా వస్తుంది. కాబట్టి చీకట్లో తెల్లది తీసేటప్పుడు నువ్వు తగ్గించాలి, తెల్లటి వాటిల్లో తెల్లది తీసేటప్పుడు పెంచాలి. ఫోన్లో అయితే దారం మీద వేలితో నొక్కు, పక్కన సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని కిందకి లాగు, గది ఇంకా చీకటైపోతుంది, అవ్వనీ, లేసులో కన్నాలు కన్నాల్లా కనపడేదాకా లాగు.

గుమ్మం పక్కనుంచి వచ్చే వెలుగుకి ఇంకో గుణం ఉంది. అల్లిక మీద పక్కనుంచి పడితే ప్రతి ముడికీ ఓ పక్క వెలుగు, ఓ పక్క నీడ పడి ఎత్తుపల్లాలు తెలుస్తాయి. అదే ఫోన్ ఫ్లాష్ వేస్తే వెలుగు ఎదురుగా కొట్టి నీడలన్నీ చెరిపేస్తుంది, లేసు పేపరు మీద ముద్రించినట్టు చదునుగా ఉంటుంది. పెళ్ళిళ్ళలో జరీ చీర తీసేటప్పుడు మేం లైటుని పక్కకి పెట్టేది కూడా ఇందుకే. (లైట్ల మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా, ఎర్ర షామియానా కింద పగలు తీసిన ఫొటోల్లో అందరి మొహాలూ ఎర్రగా, కొబ్బరితోటలో తీసినవి కాస్త పచ్చగా వస్తే అది కెమెరా జబ్బు కాదు, పైనున్న గుడ్డ రంగూ ఆకుల రంగూ మొహం మీద పడటం. నీ పాత ఫొటోల్లో అలాంటిది ఒక్కటైనా ఉంటుంది, వెతుకు, అప్పట్లో కనపడనిది ఇప్పుడు కనపడితే అదీ రాయొచ్చు.)

సరే, ఎదుగుదల ఎక్కడ వెతకాలి అంటే, బాగా వచ్చిన ఫొటోల్లో కాదు. నీ ఫోన్లో జూన్ నెల ఫోల్డరూ జనవరి నెల ఫోల్డరూ రెండూ తెరువు, డిలీట్ చెయ్యనివి ఉన్నాయనే అనుకుంటున్నా. ఒక్కో ఫొటో మీద పైకి తోస్తేనో, మూడు చుక్కలు నొక్కితేనో వివరాలు వస్తాయి, ఏ టైముకి తీసేవు, షటర్ స్పీడెంత, అంటే కెమెరా కన్ను ఎంతసేపు తెరుచుకుందో, ఐఎస్ఓ ఎంత, అంటే వచ్చిన వెలుగుని ఎంత పెంచి చూపించిందో, అన్నీ ఫొటోలోనే దాగి ఉంటాయి. అవి ఓ కాగితం మీద రాసుకుంటూ పో. జూన్‌వి చాలామటుకు సాయంత్రం ఒకే గంటలో తీసినవి, ఒక్కో చోట ఒక్కో ఫొటో అయ్యుంటాయి. జనవరిలో ఒకే మనిషిని వరసగా చాలాసార్లు, అటు జరిగీ ఇటు జరిగీ తీసుంటావు, కొన్ని పొద్దున్న ఆరింటికి తీసినవి కూడా ఉంటాయి. పొద్దున్నే లేచి వెళ్ళడం కూడా ఒక నిర్ణయమేనమ్మా, దాన్ని చిన్నచూపు చూడకు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోల్లో ఈ వివరాలు చెరిగిపోతాయి, ఒరిజినల్ ఫైళ్ళే చూడు, మీ సార్‌కి పంపాలన్నా డాక్యుమెంట్‌గా పంపు.

మేం నేర్చుకునే రోజుల్లో రీలుకి 36 ఫొటోలు, ఆ మొత్తాన్నీ ఒకే కాగితం మీద చిన్న చిన్నగా ప్రింటు వేసి భూతద్దం పెట్టి చూసేవాళ్ళం, కాంటాక్ట్ షీట్ అనేవాళ్ళు దాన్ని. దాన్లో మంచి ఫొటోకి ముందు ఏం తీసేడు, తర్వాత ఏం తీసేడు అన్నది వరసలో తెలిసిపోయేది, వీడు వెతికి పట్టుకున్నాడా లేక గుడ్డిగా తగిలిందా అని. నువ్వు అమ్మమ్మని తీసిన వరసంతా అలా చిన్న చిన్న బొమ్మలుగా ఒకే పేజీలో పెట్టు, పదిలో అదొకటి అవుతుంది. నేనైతే అలాంటి పేజీ కనపడితే మిగతా తొమ్మిదీ చూడకుండానే మార్కులు వేసేస్తా. మీ సార్ సంగతి నాకు తెలీదనుకో.

మసగ్గా వచ్చేయన్నావు కదా, ఆ మసకల్ని పారెయ్యకు, ముందు ఏ రకం మసకో తేల్చుకో. ఫొటోలో గోడా సైకిలూ పాలాయనా అన్నీ ఒకే వైపు చెదిరిపోయినట్టుంటే కదిలింది నీ చెయ్యి. గోడ కత్తిలా ఉండి సైకిల్ మాత్రం సాగినట్టుంటే కదిలింది సైకిల్, అంటే షటర్ నెమ్మదిగా ఉంది, వివరాల్లో చూస్తే 1/30, అంటే సెకనులో ముప్పయ్యో వంతు, అలా ఏదో ఉంటుంది, అది 1/500 దాకా వెళ్తే సైకిల్ ఆగిపోయినట్టు వచ్చేది, కానీ తెల్లవారుజాము వెలుగులో అంత స్పీడు పెట్టాలంటే ఐఎస్ఓ బాగా పెరగాలి, పెరిగితే ఫొటోలో ఇసక చల్లినట్టు చుక్కలొస్తాయి. పాలాయన ఏ వైపూ సాగకుండా ఊరికే మసగ్గా ఉండి వెనక దడి స్పష్టంగా ఉంటే అది ఫోకస్ తప్పు చోట పడటం. మూడూ వేరు వేరు జబ్బులు, మందులూ వేరు. "నా ఫొటో బ్లర్ అయింది" అని జూన్‌లో అనేదానివి, ఇప్పుడు ఏ బ్లరో చెప్పగలిగితే అదే నీ ఎదుగుదల, మార్కుల కోసం వేరేదేం కల్పించక్కర్లేదు. ఇంకో మాట, అదే 1/30 దగ్గర సైకిల్‌తో పాటు నీ ఫోన్ కూడా అదే వేగంతో తిప్పుతూ నొక్కితే పాలాయన నిలిచి వెనక దడంతా గీతల్లా పారుతుంది, దాన్నే ప్యానింగ్ అంటారు, ప్రో మోడ్, అంటే షటర్ స్పీడ్ మనమే పెట్టుకునే వీలు, ఉన్న ఫోనైతే చేసి చూడు. వరసగా చాలా పోతాయి, ఒకటి వస్తుంది.

ఊడ్పుల ఫొటో గురించి నువ్వు "ఖాళీగా ఉంది" అని ఒక్క ముక్కే రాసేవు. చూడకుండా చెప్పడం కష్టమే కానీ ఊహించగలను, పంటకాలవ గట్టు మీద నిలబడి తీసుంటావు, మధ్యలో అడ్డంగా ఆకాశం గీత, పైన సగం తెల్లటి ఆకాశం, కింద సగం నీళ్ళు, ఆడవాళ్ళు చీమలంత. మన నేల చదును, కొండా గుట్టా లేదు, కాబట్టి ఎవరు తీసినా ఆ గీత మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఎత్తు అంటే మూడే, గట్టూ వంతెనా మేడా. అందరూ గట్టెక్కి కిందకి చూసి తీస్తారు. నువ్వు గట్టు దిగి చేను అంచున కూర్చుని పైకి చూసి తీస్తే ఆ గట్టే ఆకాశపు అంచవుతుంది, దాని మీద నడిచే మనుషులూ, నారుకట్టలు మోసేవాళ్ళూ ఆకాశం మీద నల్లగా విడివిడిగా కనపడతారు. చేలోనే ఉన్నవాళ్ళని తియ్యాలంటే దగ్గరకెళ్ళాలి, వెళ్ళి నీళ్ళల్లో పడిన వాళ్ళ నీడతో సహా తియ్యాలి, అప్పుడు ఆకాశం ఎంతో కొంత కత్తిరించేసినా నష్టం లేదు. మూడో వంతు గీతల రూలు, అంటే ఫ్రేముని మూడు భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతల మీద పెట్టడం, మీ సార్ చెప్పే ఉంటారు, అది మంచిదే, కానీ "రూల్ ఆఫ్ థర్డ్స్ నేర్చుకున్నాను" అని రాస్తే క్లాసులో అందరి కాగితాల్లోనూ అదే వాక్యం ఉంటుంది.

అలాగే మనిషి మొహానికి మరీ దగ్గరగా ఫోన్ పెట్టి తీసినవి నీ పాతవాటిల్లో ఉంటాయి, ముక్కు పెద్దదిగా చెవులు వెనక్కి పోయినట్టుగా. ఫోన్ మెయిన్ కెమెరా బాగా వెడల్పుగా చూస్తుంది, దగ్గరగా పెడితే మొహం అలాగే సాగుతుంది. రెండడుగులు వెనక్కెళ్ళి రెండింతల జూమ్ పెట్టుకుంటే సరిపోతుంది. ఇది చిన్న విషయం, ఒక లైనుకి మించి రాయకు.

లైకుల సంగతి. స్టేటస్‌లో ఒక్కో ఫొటోకి జనం ఇచ్చేది ఒక సెకను, అంత సేపట్లో ఎర్రటి సూర్యుడు అందుతాడు కానీ అమ్మమ్మ వేళ్ళ మధ్య సూది అందదు. అంతే, దాని మీద ఇంకేం ఆలోచించకు. నీకు కొత్తవి నచ్చకపోవడానికి మాత్రం వేరే కారణం ఉంది, నువ్వు ఇప్పుడు ఎక్కువ తప్పులు చూస్తున్నావు. జూన్‌లో నీకున్న చూపుతో జనవరి ఫొటోలు చూసుంటే "వావ్" అనేదానివి, జనవరి చూపుతో చూస్తున్నావు కాబట్టి ఒక్కటీ ఆనట్లేదు. చెయ్యి ఇంకా ఆ చూపుని అందుకోలేదు, నేర్చుకునే ప్రతివాళ్ళకీ ఈ దశ వస్తుంది, పెయింటింగ్ నేర్చుకునే వాళ్ళకైనా వయొలిన్ నేర్చుకునే వాళ్ళకైనా. దీన్ని కూడా సార్‌కి దాచకుండా రాయి.

ఇక రాయడం. "ఫొటోగ్రఫీ అంటే నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం, ఈ క్లాసు నా జీవితాన్ని మార్చింది, నాకు సహనం నేర్పింది" లాంటివి దయచేసి వద్దు, దిద్దేవాళ్ళకి ఆ వాక్యాలు కనపడను కూడా కనపడవు, కళ్ళు దాటేసి కిందకెళ్ళిపోతాయి. నీ ప్రశ్న రాసినట్టే రాయి. ఉదాహరణకి ఇలా: "అమ్మమ్మ ఎప్పుడూ కూర్చునే మంచం దగ్గర తీస్తే మొహం నల్లగా వచ్చింది. గుమ్మం దగ్గరకి జరగమన్నాను. మొహం బాగుంది కానీ లేసు కనపడలేదు, అంతా తెలుపే. వెలుగు తగ్గించి తీస్తే లేసు వచ్చింది, అమ్మమ్మ చీకట్లోకి వెళ్ళిపోయింది. అప్పుడు నేను లేసునే ఉంచాలనుకున్నాను, ఎందుకంటే..." ఆ ఎందుకంటే తర్వాతది నేను రాయకూడదు, నువ్వే రాయాలి. బహుశా అమ్మమ్మ మొహం అందరికీ తెలుసు, వేళ్ళు ఎవరూ చూడలేదు అనో, లేకపోతే ఇంకేదో. ఫొటోలో ఏం ఉంచాను, దానికోసం ఏం వదులుకున్నాను అని రాయగలిగిన ప్రతి ఫొటోకీ ఒక పేరా వస్తుంది, రాయలేని ఫొటోకి ఒక్క లైను చాలు. పది ఫొటోలకీ సమానంగా రాయాలనేం లేదు, నాలుగింటికి బాగా రాసి మిగతావి అలా దాటెయ్యి.

ఫొటోల ఎంపికలో నా సలహా ఏంటంటే, పంటు సూర్యాస్తమయాన్ని మొదటి పేజీలోనే పెట్టు, పెట్టి ఈ వారంలోనే వీలు చూసుకుని మళ్ళీ అదే పంటు మీద అదే టైముకి ఎవరైనా పెద్దవాళ్ళతో వెళ్ళు. ఈసారి సూర్యుణ్ణి ఓ పది నిమిషాలు వదిలేసి సూర్యుడి వైపు వీపు పెట్టి నిలబడు. ఆ ఎర్రటి వెలుగు పంటు మీద నిలబడ్డ వాళ్ళ మొహాల మీద పడుతుంటుంది, మోటార్ సైకిళ్ళ మధ్య ఇరుక్కుని నిలబడ్డ ఆడవాళ్ళు, గంప మీద చెయ్యి వేసి కూర్చున్న చేపలామె, కళ్ళు చికిలించుకుని ఒడ్డు వైపు చూసే బడిపిల్లలు. ఆ రెండు ఫొటోలూ ఎదురెదురు పేజీల్లో పడితే రాయాల్సింది సగం తగ్గిపోతుంది. కుదరకపోతే మానెయ్యి, ఉన్నవాటితోనే అవుతుంది.

విఫలమైన ఫొటో కనీసం ఒకటి పెట్టు, అమ్మమ్మ ఫొటోల్లో పేలిపోయిన దారంది అయితే మరీ మంచిది, కింద ఏం జరిగిందో రాసి. ఆ వీధిలో లేసు అల్లే మిగతా ఆడవాళ్ళని కూడా తీశానన్నావు, ఫైల్లో పెట్టేముందు వాళ్ళని ఒక్కసారి అడుగు, ఫొటో చూపించి మరీ అడుగు, ఇంట్లో చీర మార్చుకోకుండా ఉన్నప్పుడు తీసింది స్కూల్లో అందరూ చూడటం కొందరికి ఇష్టం ఉండదు. వద్దంటే వద్దు, అది ఎంత గొప్ప ఫొటో అయినా సరే. నువ్వు తీసిన పాలాయనకీ ఇదే.

ఆఖరుగా ప్రింట్లు. ఫోన్ స్క్రీన్ వెలుగు బాగా ఎక్కువ పెట్టుకుని చూస్తాం కాబట్టి కాగితం మీదకి వచ్చేసరికి ప్రతీదీ ఒక మెట్టు చీకటిగా కనపడుతుంది, ప్రింటుకి ఇచ్చేముందు స్క్రీన్ వెలుగు సగానికి తగ్గించి ఒకసారి చూసుకో. ల్యాబులో ఆటో కరెక్షన్ పెట్టేస్తారు, దానికి చీకటి గుమ్మం కనపడితే పాపం బాగు చేద్దామని గదంతా తెల్లగా చేసేస్తుంది, నువ్వు కష్టపడి నిలబెట్టుకున్న లేసు మళ్ళీ పేలిపోతుంది. "కరెక్షన్ వద్దండీ, ఉన్నది ఉన్నట్టు వెయ్యండి" అని కౌంటర్లో చెప్పు, ముందు ఆ ఒక్క ఫొటో వేయించి చూసుకుని బాగుంటేనే మిగతా తొమ్మిదీ ఇవ్వు.